ఏడిళ్ళ గొలుసు

"అమ్మాయ్, ఈ వేసవంతా కూటం మీ ఇంట్లోనే" అని నర్సు పెద్దమ్మ ఫోనులో చెప్పినప్పుడు నేను వంటింట్లో ఒంటికాలి మీద నిలబడి ఉన్నాను. రెండో కాలికి చీమ కుట్టింది. ఆ మాట వినగానే కాలు దించేశాను, చీమ సంగతే మర్చిపోయాను. "మా ఇల్లు సరిపోతుందా పెద్దమ్మా?" అన్నాను. "మనుషులు సరిపోతే ఇల్లు సరిపోతుందిలే" అందావిడ.

నర్సు పెద్దమ్మ నాకు చుట్టం కాదు. ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన మనిషి, మా భవనంలోనే కింది వాటాలో ఉంటుంది. కూటం అంటే మా ప్రార్థన కూటం. ప్రతి శుక్రవారం సాయంత్రం ఆరింటికి ఏడిళ్ళ వాళ్ళు ఒకచోట చేరి పాటలు పాడుకుని, వాక్యం చదువుకుని, ఒకరికోసం ఒకరు ప్రార్థన చేసుకుని, టీ తాగి వెళ్ళిపోతారు. రుతువు మారితే ఇల్లు మారుతుంది. నాకప్పటికి పెళ్ళయి మూడు నెలలు, ఈ ఊరొచ్చీ మూడు నెలలే. మా ఆయన తప్ప నన్ను పలకరించే మనిషి లేదు. కూటంలో చేరి ఐదు వారాలే అయింది. అంతలోనే ఇల్లు అడిగారంటే నన్ను తమలో కలుపుకున్నట్టే కదా అని, కొత్త కర్టెన్లు ఏ రంగువి కొనాలో అప్పుడే ఆలోచించేశాను.

మా ఆయన లిఫ్టు మెకానిక్కు. సాయంత్రం చేతులకంటిన గ్రీజు కడుక్కుంటుంటే వెనకాల నిలబడి చెప్పాను.

"ఏడిళ్ళ వాళ్ళా? మన హాల్లో మనిద్దరం ఎదురుపడితే ఒకరు వెనక్కి నడవాలి కదే డిగ్రీ" అన్నాడు. నేను బియస్సీ పాసయ్యాను, తను ఐటీఐ. పెళ్ళిచూపుల్లో మా నాన్న నా డిగ్రీ గురించి మూడుసార్లు చెప్పాడట. అప్పట్నుంచి నా పేరు అదే.

"మీరు కూడా కూర్చోవాలి."

"నాకు పదో అంతస్తు దాకానే లైసెన్సు. పరలోకం దాకా లేదు" అని, తడివేలితో నా ముక్కు లిఫ్టు బొత్తాంలా నొక్కి, "గ్రౌండు" అన్నాడు. నొక్కితే నేను కిందికి కూర్చోవాలి. అది మా ఇద్దరి ఆట. ఇలాంటివి రాయడానికి సిగ్గేస్తోంది కానీ, ఆ మూడు నెలలూ నేను తిన్న అన్నం కన్నా ఇవే నాకు ఎక్కువ బలం.

కూటం వాళ్ళు ఎనిమిది మడత కుర్చీలు మోసుకొచ్చి ఇంట్లో పెట్టారు. మంచం గోడకి నిలబెట్టాం. కప్పులు ఆరే ఉన్నాయి, మిగతావి గ్లాసులు. మొదటి శుక్రవారం ఆరు కాకముందే టైలరక్క వచ్చి కర్టెన్ అంచు పట్టుకుని చూసి, "ఎవరు కుట్టారిది, కళ్ళు మూసుకుని కుట్టారా?" అంది. నేనే కుట్టానని చెప్పాను. "అయితే బానే ఉందిలే" అంది. అందరం నవ్వాం. ఆ నవ్వు మా ఇంట్లో పుట్టిందని నాకెంత గర్వమో.

పాట, వాక్యం అయ్యాక ప్రార్థన అంశాలు చెప్పుకునేవాళ్ళు. వరసగా ఒక్కొక్కరూ తమ బరువు బయటపెట్టాలి. టైలరక్క కూతురు పరీక్ష రెండోసారీ తప్పింది. బడి గుమస్తాగారి కొడుకు తాగొచ్చి తల్లి మీద చెయ్యెత్తాడు. ఆ మాట చెప్పేటప్పుడు గుమస్తాగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూనే ఉన్నారు, అద్దాలు ఎప్పుడో శుభ్రమైపోయినా. సెక్రటరీగారి భార్య తన మోకాళ్ళ గురించి, భర్త మూర్ఖత్వం గురించి చెప్పేది. అందరూ వింటారు, "ప్రభువా" అంటారు, ఒకరి చెయ్యి ఇంకొకరు పట్టుకుంటారు. చివరికి వంతు నా దగ్గరికి వస్తుంది.

"నాకేం లేవండి. స్తోత్రం మాత్రమే" అనేదాన్ని.

"కొత్త పెళ్ళికూతురికి కష్టాలేముంటాయిలే. టీ పట్రామ్మా" అనేది టైలరక్క. అందులో వెటకారం లేదు. అయినా వంటింట్లో టీ వడగడుతుంటే నాకేదో చిన్నతనంగా ఉండేది. అందరూ తలో దుఃఖం మోసుకొచ్చి మా హాల్లో దించుతున్నారు. నేను బిస్కెట్లు పంచుతున్నాను.

వారం మధ్యలో ఎవరికైనా అవసరం పడితే దానికో పద్ధతి ఉంది. దాన్ని గొలుసు అంటారు. అవసరం పడ్డవాళ్ళు పెద్దమ్మకి ఫోను చెయ్యాలి. పెద్దమ్మ టైలరక్కకి, టైలరక్క సెక్రటరీగారి భార్యకి, అలా ఇల్లిల్లూ దాటి చివరికి గుమస్తాగారికి చేరుతుంది. అంతటితో అయిపోదు. గుమస్తాగారు, అవసరం చెప్పిన వాళ్ళకి తిరిగి ఫోను చేసి, తనదాకా ఏం వచ్చిందో చదివి వినిపించాలి. డాక్టరు నోటితో చెప్పిన మందుని నర్సు మళ్ళీ పైకి చదివి వినిపిస్తేనే ఇవ్వనిస్తారట ఆసుపత్రిలో. ఆ అలవాటే పెద్దమ్మ ఇక్కడ పెట్టింది. "చేతులు మారితే మాట మారుతుంది. మనం అడిగేది ఒకటి, ప్రభువు దగ్గరికి చేరేది ఇంకొకటి కాకూడదు" అనేది. మంచి పద్ధతి అనిపించింది నాకు. ఇప్పటికీ అందులో తప్పేమీ కనపడదు. అదే నా బాధ.

ఐదో వారంలో ఒకరోజు మా ఆయన వెలుగుండగానే ఇంటికొచ్చాడు. చేతులు కడుక్కుని, వంటగట్టు పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"తలుపు వెయ్యి."

"ఇంట్లో ఉన్నది మనిద్దరమే కదా."

"అయినా వెయ్యి."

వేసి వచ్చాను. తను చేతుల వంక చూసుకుంటూ చెప్పాడు. పదిరోజుల కిందట లిఫ్టు పెట్టె పైకప్పు మీద నిలబడి ఉక్కుతాళ్ళు చూస్తుంటే ఉన్నట్టుండి తల తిరిగింది. ఏడో అంతస్తుకీ ఎనిమిదికీ మధ్య. తాడు పట్టుకుని కూర్చుండిపోయాడు. మొన్న సోమవారం మళ్ళీ అదే. జతగా పనిచేసే బట్టతలాయనకి మాత్రం చెప్పాడు. అప్పట్నుంచి పెట్టె మీది పని ఆయనే చేస్తున్నాడు, తను పైన మోటారు గదిలో పని చూసుకుంటున్నాడు. చెవి, తల పరీక్షకి పెద్దాసుపత్రిలో పదమూడో తారీఖు ఇచ్చారు. ఇంకా పదిరోజులుంది.

"కంపెనీకి చెప్పలేదా?"

"నెలాఖరుకి ఫోర్‌మన్ ఎవరో తేలుస్తారు. నా పేరే అనుకుంటున్నారు. ఇప్పుడు చెప్తే తల తిరిగేవాడని పేరు పడుతుంది. గ్రీజు అయినా వదులుతుంది కానీ, మా పనిలో ఆ పేరు వదలదు. పరీక్ష అయ్యాక నేనే చెప్తాను, అది ఏదైనా సరే. అందాకా ఎవరికీ చెప్పకు. మీ అమ్మకి కూడా."

"నేనెందుకు చెప్తాను?"

"నువ్వు సంతోషాన్నీ ఆపుకోలేవు, భయాన్నీ ఆపుకోలేవు. అందుకని" అని నవ్వాడు. "నీకు కూడా చెప్పకూడదనే అనుకున్నా. కానీ నీ ముందు కూర్చుని దాచడం అంతకన్నా కష్టంగా ఉంది."

ఆ చివరి మాటకి నేను పొంగిపోయాను. భయపడాల్సింది పోయి పొంగిపోయాను. ఆ సాయంత్రం నేను చేసిన కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. ఇద్దరం నీళ్ళు తాగుతూ తిన్నాం.

నాలుగు రోజులు నోరు కట్టుకున్నాను. మధ్యలో వచ్చిన శుక్రవారం కూడా "స్తోత్రం మాత్రమే" అన్నాను. అయిదో రోజు పొద్దున్న తను స్నానం చేసి బయటికొస్తూ గడప దగ్గర ఆగిపోయాడు. రెండు చేతులతో తలుపు చట్రం పట్టుకుని, కళ్ళు మూసుకుని, అలాగే నిలబడ్డాడు. నేను పది లెక్కపెట్టాను. కళ్ళు తెరిచి నన్ను చూసి, "ఏం లేదు, లిఫ్టు అంతస్తుల మధ్య ఆగింది" అన్నాడు. చొక్కా వేసుకున్నాడు, పనిముట్ల సంచీ భుజానేసుకున్నాడు, వెళ్ళిపోయాడు.

తను మెట్లు దిగేదాకా చప్పుడు విన్నాను. తర్వాత ఫోను తీశాను.

"పెద్దమ్మా, మా ఆయన కోసం ప్రార్థన చెయ్యాలి. విషయం చెప్పలేను."

"అయ్యో, ఏమైందమ్మా? చెప్పకపోయినా ప్రభువుకి తెలుసులే. కానీ వివరం తెలిస్తే మేం గురిపెట్టి అడుగుతాం."

"ఎవరికీ తెలియకూడదు పెద్దమ్మా."

"మన ఏడిళ్ళూ దాటదు తల్లీ."

అంతా చెప్పేశాను. తల తిరగడం, ఎన్నిసార్లు, ఏ అంతస్తు దగ్గర, పరీక్ష ఏ రోజు, ఫోర్‌మన్ సంగతి, కంపెనీకి తెలియకూడదన్న సంగతి. పెద్దమ్మ నర్సు కాబట్టి ఒక్కొక్కటీ అడిగి రాసుకుంది. సెక్రటరీగారు అంటే మా వీధి చివర పదంతస్తుల భవనంలో ఇళ్ళవాళ్ళ సంఘానికి సెక్రటరీ అనీ, ఆ భవనంలో లిఫ్టులు చూసేది మా ఆయనేననీ నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే దారి కూడా నాకు లేదు. తెలిసీ తట్టలేదు.

ఫోను పెట్టాక మనసు తేలికైంది. భయం పంచుకున్నందుకు తేలికైందని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. అదొక్కటే కాదు. వచ్చే శుక్రవారం నా వంతు వచ్చినప్పుడు వట్టి చేతులతో ఉండను, నాకూ ఒక బరువుంది, టైలరక్క నన్ను టీకి పంపకుండా నా చెయ్యి పట్టుకుంటుంది అని ఎక్కడో ఒక మూల సంతోషపడ్డాను. మొగుడి జబ్బు పట్టుకెళ్ళి వాళ్ళలో చోటు సంపాదించుకున్నాను. ఇంతకన్నా మెత్తగా దీన్ని రాయడం నాకు రావట్లేదు.

సాయంత్రం ఐదున్నరకి తనొచ్చాడు. పనిలో మళ్ళీ తల తిరగలేదని హుషారుగా ఉన్నాడు. నేను బకెట్లో కర్టెన్లు ఉతుకుతున్నాను, మోచేతుల దాకా సబ్బు నురగ. కిటికీ దగ్గర నా ఫోను మోగింది.

"కాస్త ఎత్తండీ" అన్నాను. ఎవరిదై ఉంటుందో అన్న ఆలోచనే రాలేదు.

ఎత్తాడు. "ఆ, చెప్పండి. తను పనిలో ఉంది, నేను వాళ్ళాయన్ని" అన్నాడు. అవతల గుమస్తాగారు. ఆయన నోటుబుక్కులో రాసుకున్నది ఎవరెత్తినా చదివేస్తారు. బడిలో సర్కులర్లు చదివి చదివి ఆయనకదే అలవాటు. నాకు ఈయన మాటలే వినిపిస్తున్నాయి.

"అవునండి... పనిలో రెండుసార్లు... అవును, ఏడుకీ ఎనిమిదికీ మధ్యే... పదమూడో తారీఖు... ఆ, కంపెనీకి తెలియకూడదు. అవునండి."

నా చేతులు బకెట్లోనే ఉన్నాయి.

"లేదండి, ఏం తప్పుల్లేవు. అంతా సరిగ్గానే వచ్చింది. థాంక్సండి" అని ఫోను పెట్టేశాడు. దాని మీద పడ్డ నీటి చుక్కని చొక్కా అంచుతో తుడిచి, కిటికీలో ఎక్కడుందో అక్కడే పెట్టాడు. తర్వాత బకెట్ దగ్గరికొచ్చి, కర్టెన్ రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరం కలిసి పిండాం. నేను ఎడమకి తిప్పితే తను కుడికి తిప్పాడు.

"మీకోసమే చెప్పానండీ. భయమేసింది."

"తెలుసు."

"కోపం వచ్చిందా?"

"లేదు" అన్నాడు. నిజంగానే లేదు. కోపమైతే తిట్టేవాడు, నేను ఏడ్చేదాన్ని, ఎక్కడో ఒకచోట అయిపోయేది.

మూడోరోజు కంపెనీ తనని స్టోరులో వేసింది. పరీక్ష అయ్యేదాకా భవనాలకి వెళ్ళకూడదన్నారు. ఈ విషయం గ్లాసులో నీళ్ళు పోసుకుంటూ చెప్పాడు, బయట గాలి వీస్తోందని చెప్పినట్టు. నెలాఖరు దాకా ఆగకుండా ఫోర్‌మన్ పని బట్టతలాయనకి ఇచ్చారని కూడా చెప్పాడు. "మంచాయనే. చెయ్యగలడు" అన్నాడు.

ఆ శుక్రవారం కూటం జరుగుతుండగా తను ఇంటికొచ్చాడు. స్టోరు ఐదింటికే మూసేస్తారు, రోడ్ల మీద ఎంతసేపని తిరుగుతాడు? చెప్పులు విప్పుతుంటే పెద్దమ్మ లేచి, "నాయనా, వచ్చావా. రా, కూర్చో. నీకోసమే అడుగుతున్నాం" అంది. తను నా వంక చూడకుండా వచ్చి మధ్య కుర్చీలో కూర్చున్నాడు. ఏడిళ్ళ వాళ్ళూ చుట్టూ నిలబడి తల మీద చేతులుంచారు. చోటు చాలక ఒకరిద్దరు భుజాల మీద పెట్టారు. పెద్దమ్మ ప్రభువుని అడిగింది, ఆ తల స్థిరపడాలని. సెక్రటరీగారి భార్యకి కళ్ళనీళ్ళు కారాయి, అందరికన్నా ఎక్కువగా. అవి దొంగ కన్నీళ్ళయితే నాకెంత బావుండేదో. "ఆమెన్" అన్నాక తను జుట్టు సర్దుకుని, "ఎవరెవరికి టీ?" అని అడిగి తనే వంటింట్లోకి వెళ్ళాడు.

గ్లాసులు కడిగేటప్పుడు సెక్రటరీగారి భార్యని అడిగేశాను.

"ఏడిళ్ళూ దాటదన్నారు కదండీ."

"మా ఇల్లు ఆ ఏడింట్లో ఒకటే కదమ్మా. ఆ ఇంట్లో మా ఆయన కూడా ఉంటారు" అందావిడ నెమ్మదిగా. "ఆయన దగ్గర దాచమంటావా? ఆ లిఫ్టులో రోజూ నా మనవలు బడికెళ్తారు. నువ్వైతే ఏం చేసేదానివి?"

"పెట్టె మీద పని మా ఆయన చెయ్యట్లేదండి. వేరే మనిషి చేస్తున్నాడు."

"ఆ సంగతి గొలుసులో రాలేదమ్మా" అంది.

నిజమే. పెద్దమ్మ అడగలేదు, నేను చెప్పలేదు. ప్రార్థనకి అది అక్కర్లేదనుకున్నాను.

ఆ తర్వాత మా ఇంట్లో గొడవలేమీ జరగలేదు. తను వేళకొచ్చేవాడు, పెట్టింది తినేవాడు, "బావుంది" అనేవాడు. స్టోరులో ఎన్ని పెట్టెలు దించారో అడిగితే చెప్పేవాడు. ఇంకేమైనా అడిగితే "మామూలే" అనేవాడు. పక్క వాటావాళ్ళు మెట్ల మీద పలకరిస్తే వాళ్ళకి ఎంత చెప్పేవాడో నాకూ అంతే చెప్పేవాడు. డిగ్రీ అని పిలవడం మానేశాడు. పేరు పెట్టి పిలిచేవాడు, మర్యాదగా. పరీక్షకి పదమూడో తారీఖున వెళ్ళొచ్చాడు. "నేనూ వస్తా" అంటే, "నువ్వెందుకు, వరసలో నిలబడాలి" అన్నాడు. ఏమన్నారని అడిగితే, "రిపోర్టు రావాలి" అన్నాడు. నేను రోజూ మనసులో ప్రార్థన చేసేదాన్ని, పెదవులు కూడా కదలనివ్వకుండా.

వేసవి ఆఖరి శుక్రవారం. మరుసటి వారం నుంచి కూటం టైలరక్క ఇంటికి మారుతోంది. అందరూ కూర్చున్నారో లేదో సెక్రటరీగారి భార్య చేతులు జోడించి, "ముందు నేను సాక్ష్యం చెప్పాలి" అంది. "మన తమ్ముడికి పూర్తిగా నయమైంది. కంపెనీ నుంచి మా ఆయనకి కాగితం వచ్చింది, మనిషి పనికి ఫిట్టు అని. తలకేం లేదట, లోపలి చెవిలో ఏదో కాస్త కదిలిందట. డాక్టరు తలని అటూ ఇటూ వంచి, పావుగంటలో సరిచేసి పంపించారట."

"స్తోత్రం" అన్నారు అందరూ. పెద్దమ్మ నా రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. గుమస్తాగారు నోటుబుక్కు తీసి, మా ఆయన అంశం పక్కన ఏదో గుర్తు పెట్టుకున్నారు.

"అంత మంచి కబురు, ఒక్కదానివే దాచుకుని కూర్చున్నావేంటే?" అంది టైలరక్క.

"మీ అందరి ముందూ చెబుదామని" అన్నాను.

ఆ అబద్ధం ఎంత నున్నగా వచ్చిందో నాకే ఆశ్చర్యం. అందరూ నవ్వారు. నేను టీ తేవడానికి లేవబోతే టైలరక్క నన్ను కూర్చోబెట్టి తనే వెళ్ళింది. పెద్దమ్మ నా భుజం చుట్టూ చెయ్యి వేసింది. ఇన్ని వారాలుగా నేను కోరుకున్న చోటు సరిగ్గా అదే. వచ్చేవారం ఆయన్ని కూడా తీసుకురా, ఆయన నోటితోనే సాక్ష్యం చెప్పిద్దాం అన్నారు. సరేనన్నాను.

వెళ్తూ వెళ్తూ కుర్చీలు పట్టుకుపోయారు. హాలు ఒక్కసారిగా పెద్దదైపోయింది. తనొచ్చేసరికి నేను గోడకి నిలబెట్టిన మంచాన్ని దించడానికి తంటాలు పడుతున్నాను. సంచీ కింద పెట్టి రెండోవైపు పట్టుకున్నాడు. దించాం.

"రిపోర్టు వచ్చిందటగా."

"వచ్చింది."

"ఎప్పుడు?"

"సోమవారం."

"నాకు చెప్పలేదు."

వెటకారం లేదు, దెప్పిపొడవడం లేదు, లెక్క సరిచూసుకుంటున్నవాడిలా ఆలోచించాడు. "నీకెలాగూ తెలుస్తుంది కదా అనుకున్నా" అన్నాడు.

దుప్పటి పరిచాను. ఒక అంచు నా వైపు ఎక్కువగా వచ్చింది, తను లాగి సరిచేశాడు. అలమర తీసి రెండు చొక్కాలు, పని ప్యాంటు, తువ్వాలు బయటికి తీశాడు. పనిముట్ల సంచీలో కాదు, పెళ్ళికి మా నాన్న కొన్న పెట్టెలో పెట్టాడు.

"ఏంటవి?"

"నది అవతల ఊళ్ళో కొత్త భవనాలు లేపుతున్నారు, పన్నెండు లిఫ్టులు. బిగించడానికి మనుషులు కావాలన్నారు. అడిగి వేయించుకున్నా. నాలుగు నెలలు."

"నేనూ వస్తాను."

"గది ఇస్తారు. నలుగురికి ఒక్కటి."

"వారానికోసారి వస్తారా?"

"చూడాలి. సెలవు ఎలా ఇస్తారో."

సబ్బుపెట్టె వెతుకుతుంటే తెచ్చిచ్చాను. తీసుకుని, మూత బిగిసిందో లేదో చూసి, చొక్కాల పక్కన పెట్టాడు.

"ఎప్పుడు వెళ్ళాలి?"

"రేపే. ఆరున్నర బస్సుకి. నువ్వు లేవక్కర్లేదు, టీ బస్టాండులో తాగుతాను."